దిబ్బకి పేరెవరు పెట్టారు?

రెండేళ్ళ క్రితం నేనొక తప్పు రాశాను. ఎవరూ పట్టుకోలేదు, ఒక్క మా అక్క తప్ప.

జోరా నీల్ హర్‌స్టన్ నవల ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ (1937) మీద రాసిన వ్యాసం అది. నవల చివరి భాగం దక్షిణ ఫ్లోరిడాలో, ఒకీచోబీ సరస్సు పక్కన ఉన్న నల్లమట్టి పొలాల్లో నడుస్తుంది. పగలంతా చిక్కుళ్ళు కోసే కూలీలు, రాత్రిళ్ళు పాటలూ జూదమూ, చివర్లో 1928 నాటి తుఫాను. ఆ నేల ఎలా ఉంటుందో మనవాళ్ళకి కాస్త చెబుదామని ఒక ఫుట్‌నోట్ పెట్టాను: “ఇక్కడి గడ్డి చిత్తడుల మధ్య అక్కడక్కడా దీవుల్లా ఉండే చెట్ల గుంపుల్ని హ్యామక్ అంటారు. అది కరీబియన్ ఆదివాసుల మాట. చెట్లకి కట్టుకునే ఉయ్యాల పడక పేరే ఆ చెట్ల గుంపుకీ వచ్చింది.”

వ్యాసం కన్నా ఆ ఫుట్‌నోటే ఎక్కువమందికి నచ్చింది. “ఎంత బావుందండీ, ఉయ్యాల పేరుతో అడవి!” అన్నారు. నేనూ మురిసిపోయాను. మా పెద్దమ్మ కూతురు మాత్రం ఫ్లోరిడా నుంచి ఫోన్ చేసి, “ఒరేయ్, ఆ ఉయ్యాల కథ నీకెవడు చెప్పాడ్రా?” అంది. ఎక్కడో చదివానన్నాను. “ఎక్కడో అంటే ఎక్కడ?” అంది. నా దగ్గర జవాబు లేదు.

కిందటి చలికాలం అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు రెండు పనులు చేసింది. ఒకటి, మార్జొరీ స్టోన్‌మన్ డగ్లస్ రాసిన ‘ది ఎవర్‌గ్లేడ్స్: రివర్ ఆఫ్ గ్రాస్’ (1947) చేతిలో పెట్టింది. రెండు, ఆ పుస్తకం సగంలో ఉండగానే కారెక్కించి ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్క్‌కి తీసుకెళ్ళింది. ఈ వ్యాసం ఆ పుస్తకం గురించి, ఆ ఒక్క మాట గురించి, నా ఫుట్‌నోట్ గురించి.

*

పార్క్ లోపల రోడ్డు పక్కన ఒక బోర్డు ఉంటుంది: ‘రాక్ రీఫ్ పాస్, ఎత్తు 3 అడుగులు’. పాస్ అంటే కనుమ. శ్రీశైలం ఘాట్ రోడ్డు తెలిసినవాళ్ళకి మూడడుగుల కనుమంటే నవ్వొస్తుంది. నేనూ నవ్వాను. కానీ ఆ ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి ఆ బోర్డుని మించిన పాఠం లేదు. అక్కడ జీవితమంతా అంగుళాల లెక్క. నేల కొన్ని అంగుళాలు తగ్గితే రంపపు అంచుల గడ్డి. ఇంకాస్త తగ్గితే సైప్రస్ చెట్లు, నీళ్ళు. కొన్ని అంగుళాలో, ఒకట్రెండు అడుగులో పెరిగిందా, మొత్తం వేరే లోకం. గట్టి కలప చెట్లు గుంపుగా, చీకటిగా, చల్లగా. అదే హ్యామక్.

కార్లోంచి చూస్తే దూరంగా గడ్డి మీద ముదురాకుపచ్చ గుట్టల్లా కనిపిస్తాయి. లోపలికి అడుగుపెడితే ఎండ ఆగిపోతుంది. గంబో లింబో చెట్లుంటాయి. ఎర్రటి బెరడు పొరలు పొరలుగా ఊడుతుంటుంది కాబట్టి ఎండకి ఒళ్ళు కమిలిన యాత్రికుల్ని తల్చుకుని దాన్ని ‘టూరిస్ట్ చెట్టు’ అంటారు. మహాగని, లైవ్ ఓక్, మన మర్రి జాతికే చెంది ఇంకో చెట్టుని చుట్టేసి పెరిగే స్ట్రాంగ్లర్ ఫిగ్, కొమ్మల మీద ఆర్కిడ్లు, రంగురంగుల చారల గుల్లలతో చెట్టునత్తలు. పాయిజన్‌వుడ్ అనే చెట్టు దగ్గర అక్క నన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. తగిలితే ఒళ్ళంతా దద్దుర్లేనట. అది మన మామిడి, జీడిమామిడి కుటుంబానిదే. జీడిసొన చేతికంటినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

నాకు బాగా నచ్చింది కందకం సంగతి. ఆకులు రాలి కుళ్ళుతాయి, ఆ ఆమ్లాలు చుట్టూ ఉన్న సున్నపురాయిని మెల్లిగా కరిగిస్తాయి, హ్యామక్ అంచున గాడి పడుతుంది, అందులో నీళ్ళు నిలుస్తాయి. ఎండాకాలం గడ్డికి నిప్పంటుకుంటే మంట ఆ నీళ్ళ దాకా వచ్చి ఆగుతుంది. అంటే ఆ చెట్లు తమ కోటని తామే కట్టుకుంటాయి. లోతు నీళ్ళలో ఉన్న చెట్లదీవులైతే పైనుంచి చూస్తే నీటిబొట్టు ఆకారంలో ఉంటాయి: గుండ్రటి తల ఎగువకి, సన్నటి తోక దిగువకి. కంటికి కదిలినట్టే అనిపించని ఆ నీరు వేల ఏళ్ళుగా దక్షిణానికి పారుతోందని చెప్పే సాక్ష్యం ఆ తోకే.

*

ఇక మాట దగ్గరికి వద్దాం.

ఇంగ్లీషులో హ్యామక్‌లు రెండున్నాయి. ఉయ్యాల పడక హ్యామక్ నిజంగానే కరీబియన్ మాట. టైనో ప్రజల ‘హమాకా’ స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. హరికేన్, కెనూ, బార్బెక్యూ కూడా ఆ దారినే వచ్చాయంటారు. నేను పడిన గోతి ఇదే. హర్‌స్టన్ నవలలో హరికేన్ ఉంది, అది టైనో మాట. పక్కనే హ్యామక్ ఉంది, అదీ టైనో మాటే అయ్యుంటుందిలే అనుకున్నాను.

చెట్లగుంపు హ్యామక్ వేరు. నిఘంటువులు దాన్ని ‘హమ్మక్’ అనే మాటకి మరో రూపంగా చూస్తాయి. హమ్మక్ అంటే చిన్న గుట్ట, బొడిపె. పదహారో శతాబ్దపు ఇంగ్లీషు నావికులు సముద్రం మీంచి ఒడ్డుని చూస్తూ, అక్కడ లేచి కనబడే బొడిపెల్ని అలా అనేవాళ్ళు. అంతకు ముందు ఆ మాట ఎక్కడిదో నిఘంటువులూ తేల్చవు. 1775లో బెర్నార్డ్ రోమన్స్ ఫ్లోరిడా గురించి రాసిన పుస్తకం నాటికి అది నేల రకానికి పేరైపోయింది. ఎత్తైన పైన్ చెట్ల మధ్య కుచ్చుల్లా కనిపించడం వల్ల ఆ పేరొచ్చిందని ఆయన వివరణ. అంటే ఇక్కడ ఉయ్యాలా లేదు, ఊగడమూ లేదు. దూరం నుంచి చూసినవాడికి కనిపించిన ఒక గుబురు, అంతే.

ఆ తర్వాత ఆ మాట ఎవరి నోట్లో పడితే వాళ్ళ అవసరం దానికి అంటుకుంది. సాగుకోసం వచ్చినవాళ్ళకి ‘హ్యామక్ ల్యాండ్’ అంటే మంచి మన్ను. చెట్లు నరికి పంట వెయ్యదగ్గ చోటు. 1835 నుంచి 1842 దాకా జరిగిన రెండో సెమినోల్ యుద్ధంలో అమెరికన్ సిపాయిలకి హ్యామక్ అంటే శత్రువు దాక్కునే చీకటి. ఏ చెట్టు వెనక ఎవరున్నారో తెలియని భయం. ఇరవయ్యో శతాబ్దంలో వృక్షశాస్త్రజ్ఞులకి అదొక తరిగిపోతున్న నిధి. వాళ్ళలో జాన్ కంకెల్ స్మాల్ 1929లో రాసిన పుస్తకం పేరే ‘ఫ్రమ్ ఈడెన్ టు సహారా’, స్వర్గం నుంచి ఎడారికి. ఇవాళ మయామి పక్కన ‘ది హ్యామక్స్’ అని ఏకంగా ఒక సబర్బ్ ఉంది. అక్కడికీ తీసుకెళ్ళింది అక్క, షాపింగ్ కోసం. “ఇదిగో, నీ ఉయ్యాల” అంది పార్కింగ్ లాట్‌లో.

*

ఆ రాత్రి నన్ను నేను అడుక్కున్న ప్రశ్న: తప్పుడు కథ నాకెందుకంత నచ్చింది?

అందంగా ఉందని ఒక కారణం. అసలు కారణం అది కాదనుకుంటాను. ‘ఇది ఆదివాసుల మాట’ అని రాయగానే నాకు ఆదివాసుల పక్షాన నిలబడ్డ తృప్తి దొరికింది. ఖర్చు లేకుండా దొరికే తృప్తి. ఒక ఫుట్‌నోట్‌లో వాళ్ళకో మాటని దానం చేసేసి, వాళ్ళ గురించి ఇంకేమీ తెలుసుకోకుండా ముందుకెళ్ళిపోయాను. పైగా ఏ ఆదివాసులు? టైనోలు కరీబియన్ దీవులవాళ్ళు. ఎవర్‌గ్లేడ్స్ హ్యామక్‌ల మీద బతికింది మొదట టెకెస్టా, కలూసా ప్రజలు. తర్వాత యుద్ధాల్లో దక్షిణానికి తరమబడ్డ సెమినోల్, మికాసుకీ ప్రజలు. అందర్నీ కలిపి ‘ఆదివాసులు’ అనేస్తే సరిపోతుందనుకున్నాను. మన కోయల మాటని చెంచుల మాట అని ఎవరైనా రాస్తే ఊరుకుంటామా?

నావికుడి మాట అని ఒప్పుకుంటే మాత్రం వెంటనే ఒక ఇబ్బందికరమైన ప్రశ్న లేస్తుంది: మరి అక్కడ ఉన్నవాళ్ళు దాన్ని ఏమనేవాళ్ళు? ఉయ్యాల కథ ఆ ప్రశ్నని రానివ్వదు. నిజం కథ రానిస్తుంది. పదమూలాల వ్యాసాలంటే మన సాహిత్యలోకంలో చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ ఒక మూలం మనకి మరీ హాయిగా అనిపిస్తే, అది ఏ ప్రశ్నని మూసేస్తోందో చూసుకోవాలని ఇప్పుడనిపిస్తోంది.

*

డగ్లస్ పుస్తకాన్ని ఈ ప్రశ్నతోనే చదివాను.

ఆ పుస్తకం పుట్టుక తెలిసిందే. అమెరికా నదుల మీద వస్తున్న ఒక సీరీస్ కోసం ఆమెని మయామి నది గురించి రాయమన్నారు. అది మరీ చిన్న నది. దాని బదులు ఎవర్‌గ్లేడ్స్ గురించి రాస్తానంది. జలశాస్త్రజ్ఞుడు గారల్డ్ పార్కర్‌ని కలిసి, ఈ నీరు నిలవ ఉన్నది కాదు, పారుతున్నది అని తెలుసుకుని, దీన్ని గడ్డి నది అనొచ్చా అని అడిగింది. అనొచ్చన్నాడు. 1947 నవంబర్‌లో పుస్తకం వచ్చింది. డిసెంబర్ 6న అధ్యక్షుడు ట్రూమన్ నేషనల్ పార్క్‌ని ప్రారంభించాడు. అంతకు ముందు అందరికీ అది బురద. కాలవలు తవ్వి ఎండగట్టాల్సిన పనికిరాని చోటు. రెండు మాటల శీర్షిక ఆ చూపుని మార్చింది. ఇందులో ఇంకో తమాషా ఉంది. 1770లలో సర్వేయర్ డి బ్రామ్ తన పటంలో ఈ చోటుని ‘రివర్ గ్లేడ్స్’ అన్నాడు. 1823 నాటి పటంలో అది ‘ఎవర్ గ్లేడ్స్’గా కనిపిస్తుంది. రివర్ అన్న మాటే ఎవర్‌గా మారిపోయిందని కొందరి ఊహ. ఆ ఊహ నిజమైతే, పటాలు పోగొట్టిన నదిని డగ్లస్ పేరులోకి తిరిగి తెచ్చినట్టే.

మొదటి అధ్యాయం గొప్పగా ఉంటుంది. గడ్డి, నీరు, రాయి, వీటిని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. పాఠ్యపుస్తకంలా ఉండదు, కవిత్వం చెబుతున్నట్టూ ఉండదు. ఒక ఊరి పెద్దావిడ తన ఇంటి గోడలు ఎవరు కట్టారో చెబుతున్నట్టుంటుంది. తర్వాతి అధ్యాయాలు చరిత్ర: స్పానిష్ వాళ్ళు, సెమినోల్ యుద్ధాలు, 1837లో శాంతి జెండా కింద మాట్లాడ్డానికి వచ్చిన ఓసియోలాని పట్టుకోవడం, కాలవలు, భూముల వ్యాపారం. అక్కడ ఆమె కోపం దాచుకోదు. చివరి అధ్యాయం పేరు ‘ది ఎలెవెన్త్ అవర్’, ఆఖరి గడియ.

నా పేచీ శీర్షికతో. నది అన్న ఉపమానం నీటిని చూపించింది, గడ్డిని చూపించింది. మధ్యలో ఉన్న దిబ్బల్ని, వాటి మీద మనుషుల్ని అది చూపించదు. పుస్తకం లోపల వాళ్ళున్నారు, పేజీలకి పేజీలు ఉన్నారు. కానీ పుస్తకం చదివినవాళ్ళకన్నా శీర్షిక తెలిసినవాళ్ళు వందరెట్లు ఎక్కువ. శీర్షిక చెప్పేది మనుషుల్లేని ఒక గడ్డి నది. 1858లో మూడో యుద్ధం ముగిశాక మిగిలిన కొద్ది వందలమంది సెమినోల్, మికాసుకీ ప్రజలు ఎక్కడ దాక్కుని బతికారు? ఈ హ్యామక్‌ల మీదే. సైప్రస్ గుంజలకి తాటిజాతి ఆకులు కప్పిన ‘చికీ’ అనే ఇళ్ళు కట్టుకుని, మొక్కజొన్న, గుమ్మడి పండించుకుని. అమెరికాతో లొంగుబాటు సంతకం చెయ్యలేదని ఇవాళ్టికీ గర్వంగా చెప్పుకునే జాతి అలా మిగిలింది, కొన్ని అంగుళాల ఎత్తు వల్ల. పార్క్ వచ్చినప్పుడు దాని హద్దుల్లో ఉన్న వాళ్ళ కుటుంబాలు బయటికి పోవాల్సొచ్చింది. ‘గడ్డి నది’ అనే మాటలో వాళ్ళకి చోటు మొదట్నుంచీ లేదు.

ఇది డగ్లస్‌కి అన్యాయమంటారా? కొంత నిజమే. 1969లో, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో, బిగ్ సైప్రస్‌లో రాబోయే విమానాశ్రయాన్ని ఆపడానికి సంఘం పెట్టిన మనిషి ఆవిడ. నూట ఎనిమిదేళ్ళు బతికి 1998లో పోయేదాకా పోట్లాడుతూనే ఉంది. ఉపమానం లేకపోతే ఆ పోరాటమే లేదు. నేను చెప్పేదల్లా ఒకటే: గొప్ప ఉపమానానికి కూడా నీడ ఉంటుంది. ఆ నీడలో ఏం పడిందో చూడ్డం విమర్శకుల పని.

పడింది చిన్నదేం కాదు. 1948లో మొదలైన వరద నియంత్రణ ప్రాజెక్టు కట్టలు, కాలవలతో ఎవర్‌గ్లేడ్స్‌ని గదులుగా విడగొట్టింది. కొన్ని గదుల్లో నీరు నెలల తరబడి ఎక్కువగా నిలిచి చెట్లదీవులు మునిగిపోయాయి. కొన్నిట్లో నీరందక ఎండి, మంటలకి మట్టితో సహా కాలిపోయాయి. మధ్య భాగంలో కొన్నిచోట్ల సగానికి పైగా పోయాయి. మట్టి కాలిపోతే మళ్ళీ పేరడానికి వేల ఏళ్ళు. నదిని తిరిగి పారిస్తే చాలదు. ఏ దిబ్బ ఎంత ఎత్తుందో, ఎన్ని రోజులు మునిగితే చస్తుందో అంగుళాల్లో లెక్కపెట్టాలి.

*

ఇంతకీ తెలుగులో ఏమనాలి? అక్కడే నిలబడి అక్కా నేనూ వాదించుకున్నాం.

“లంక అనరా. కొల్లేటి లంకలు లేవూ?” అంది. చుట్టూ నీరు, మధ్యలో మెరక, దాని మీద ఊరు. బాగానే సరిపోతుంది. కానీ లంక అనగానే మనకి గోదావరి ఒండ్రు, ఏటికేడాది మారిపోయే నేల గుర్తొస్తాయి, చెట్టు గుర్తురాదు. తోపు అన్నాను నేను. తోపు మనిషి నాటింది. గుబురు అంటే మరీ చిన్నది. దిబ్బ అంటే చెత్త గుర్తొస్తుంది.

చెత్త అన్నాక ఇద్దరం ఆగాం. ఎందుకంటే ఆ ముందు రోజే ఒక సంగతి చదివాం. ఎవర్‌గ్లేడ్స్ చెట్లదీవుల్లో చాలావాటి అడుగున పురావస్తు శాస్త్రజ్ఞులకి తాబేటి డిప్పలు, చేపల ముళ్ళు, కుండపెంకులు దొరికాయి. వేల ఏళ్ళ కిందటివి. మనుషులు తిని పారేసిన ఎముకలు పేరుకుని, నేలని ఆ కొద్ది ఎత్తు లేపి, మట్టికి భాస్వరం ఇచ్చి, చెట్లు నిలదొక్కుకోవడానికి సాయం చేశాయని కొందరు శాస్త్రజ్ఞులంటున్నారు. ప్రతి హ్యామక్‌కీ ఇది వర్తించదు. చాలా వాటికి అడుగున రాయే ఎత్తు. కానీ కొన్నిటికైనా మనిషి చెత్తే పునాది.

“పాటిదిబ్బ” అంది అక్క, మెల్లిగా.

మా అమ్మమ్మవాళ్ళ ఊరి చివర ఒకటి ఉండేది. పాత ఊరు పాడుబడి మట్టైన దిబ్బ. వేసవిలో రైతులు బళ్ళు కట్టుకెళ్ళి పాటిమన్ను తవ్వి తెచ్చి చేలో చల్లేవాళ్ళు. బూడిద, ఎముకలు, పెంకులు కలిసిన ఆ మన్ను ఎరువుకన్నా మంచిదని నమ్మకం. ఎప్పుడో బతికినవాళ్ళ చెత్త ఇప్పటివాళ్ళ పంటైన చోటు. ఇంగ్లీషు నావికుడు దూరం నుంచి చూసి బొడిపె అన్నాడు. లోపల ఏముందో తెలిసినవాడికి తెలుగులో మాట సిద్ధంగానే ఉంది.

అన్ని హ్యామక్‌లకీ ‘పాటిదిబ్బ’ అనలేను. అలా అంటే ఉయ్యాల తప్పునే ఇంకోలా చేసినట్టవుతుంది: మనకి నచ్చిన కథని అందరి మీదా రుద్దడం. మామూలుగా ‘చెట్లదిబ్బ’ అంటాను. అడుగున ఎముకలు దొరికిన చోట్లకి మాత్రం ‘పాటిదిబ్బ’ అంటాను. మికాసుకీ భాషలో ఏమంటారో ఆ భాష మాట్లాడేవాళ్ళని అడిగి రాస్తాను. డిక్షనరీ తిరగేసి కాదు.

ఈలోగా పాత ఫుట్‌నోట్‌ని ఇలా మార్చమని ఎడిటర్‌గారికి రాశాను: “హ్యామక్: చిత్తడిలో కాస్త మెరక మీద పెరిగే గట్టి కలప చెట్ల గుంపు, చెట్లదిబ్బ. ఇంగ్లీషు నావికుల మాట. ఉయ్యాలకీ దీనికీ సంబంధం లేదు. దీని మీద బతికినవాళ్ళు దీన్ని ఇంకేదో అనేవాళ్ళు.”

అక్కకి పంపించాను. “చివరి వాక్యం బావుంది. మిగతాది అప్పుడే రాసుంటే నాకు పెట్రోల్ ఖర్చు మిగిలేది” అని జవాబిచ్చింది.